మామ ఎదలోని గోళీలు

పెళ్ళయ్యాక నాకు పిలుపు మార్చుకునే పని పడలేదు. అమ్మ తమ్ముణ్ణి ఊహ తెలిసినప్పటి నుంచీ మామా అనేదాన్ని. ఆయనకే ఇచ్చి చేశారు. మామా అంటూనే కాపురం చేశాను. ఇప్పటి పిల్లలు ఈ మాట వింటే ముఖం అదోలా పెడతారు. పెట్టుకోనీ. నన్ను చంకనేసుకుని తిరునాళ్ళలో తిప్పిన మనిషికన్నా ఎక్కువ తెలిసిన మొగుడు ఎవరికి దొరికాడో చెప్పమనండి. అత్త కూడా నాకు కొత్త మనిషి కాదు, అమ్మను కన్న అవ్వే. అందరు అవ్వల్లా ముద్దు చేసే రకం కాదు, అందరు అత్తల్లా సాధించే రకమూ కాదు. కమ్మరింటి ఆడది. మాట కంటే ముందు చెయ్యి ఆడేది.

మా ఊరు మైదుకూరు నుంచి కర్నూలు పోయే రోడ్డు మీద. ఇంటి ముందు కొట్టంలో కొలిమి. రోహిణి కార్తె వచ్చిందంటే రైతులు నాగళ్ళ కర్రులు భుజాన వేసుకుని పొద్దు పొడవక ముందే వచ్చి కూర్చునేవాళ్ళు. మామ పట్టకారుతో కర్రును నిప్పులో తిప్పేవాడు, అవ్వ సమ్మెట వేసేది, నేను తిత్తి ఊదేదాన్ని. తిత్తి అంటే తోలుసంచి. నొక్కితే గాలి పోయి బొగ్గులు ఎర్రబడతాయి. ఈ పిల్ల తిత్తి ఊదితే బొగ్గులు కాదు, నా తల మండుతుందని మామ రైతుల ముందే నన్ను ఆటపట్టించేవాడు. నేను ఊరుకునే దాన్నా? ఒక్కసారిగా గాలి కొట్టి నిప్పురవ్వలు ఆయన పంచె మీదికి రేపేదాన్ని. పంచె నిండా చిన్నచిన్న చిల్లులే. అవ్వ వాటిని చూసి మా ఇద్దరినీ కలిపి తిట్టేది.

దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. పొగలో బతికేవాళ్ళ ఇంట్లో దగ్గును ఎవరు పట్టించుకుంటారు? ఒకనాడు మామ కొలిమి పక్కన బూడిద మీద ఉమ్మి, కాలి బొటనవేలితో పైకి బూడిద కప్పాడు. ఎప్పుడూ లేనిది, ఉమ్మిన మనిషి ఎందుకు కప్పాలి? పోయి పుల్లతో కెలికి చూశాను. ఎర్రగా ఉంది. ఏమిటిదని అడిగితే తమలపాకు నమిలానన్నాడు. మా ఇంట్లో తమలపాకులు శుభకార్యాలకు తప్ప ఉండవు. అబద్ధమాడటం కూడా చేతకాని మనిషి. ఆనాడు నేను అరిచిన అరుపులకు కర్రుల కోసం వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. తర్వాత ఇంట్లోకి పోయి ఏడ్చాను.

మామను తీసుకుని కర్నూలు పోయాను. ఆ ఊరు అప్పుడే కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. ఎటు చూసినా డేరాలు. డేరాల్లో కచేరీలు, డేరాల్లో గుమాస్తాలు. ఆసుపత్రి బస్సు ఎక్కడని అడిగితే ప్రతివాడూ ఏదో ఒక డేరా వైపు చెయ్యి చూపించేవాడు. వాళ్ళ హడావిడి వాళ్ళది. ఎలాగో బస్సు పట్టుకుని ఆ ఊరు దాటి పోతే క్షయ రోగుల ఆసుపత్రి వచ్చింది. అక్కడ ఎద లోపలి ఫోటో తీసి, ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో చిల్లి పడిందన్నారు. సూదులు వేశారు. నెత్తురు పడటం తగ్గింది గానీ చిల్లి పూడలేదు.

అక్కడి పెద్ద డాక్టరు మా వైపు మనిషే. నెరిసిన జుట్టు, నిదానమైన మాట. మామ కమ్మరి అని తెలుసుకుని ఆయనకు అర్థమయ్యే తీరులోనే చెప్పాడు. చిల్లి పడిన తిత్తిని ఊదుతూ ఉంటే చిల్లి ఇంకా సాగుతుంది. దాన్ని నొక్కి, ముడిచి, కదలకుండా పెడితే అంచులు దగ్గరికి వచ్చి అతుక్కుంటాయి. అలా నొక్కి ఉంచడానికి పక్కటెముకలకూ తిత్తికీ నడుమ చోటు చేసి, ఆ చోటంతా గోళీలతో నింపుతారు. వాటిలో ఒకటి తెప్పించి నా చేతిలో పెట్టాడు. ఉసిరికాయంత ఉంది. చూడటానికి గాజే గానీ గాజు కాదు, బరువన్నదే లేదు. ప్లాస్టిక్కు అన్నాడు. ఆ మాట నేను వినడం అదే మొదలు. మామ దాన్ని తీసుకుని మంచం కోడుకు కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఏ లోహం మోతా రాలేదు. పెదవి విరిచి నాకు తిరిగి ఇచ్చేశాడు.

ఇన్ని లోపల పెడితే ఒళ్ళు ఊరుకుంటుందా అని నేను అడిగాను. అడగకుండా ఎలా ఉంటాను? కంట్లో నలుసు పడితేనే ఊరుకోని ఒళ్ళు.

"ఊరుకోదమ్మా," అన్నాడు డాక్టరు. "పరాయిది వచ్చిందని దానికి తెలుస్తాది. తెలిసినాక చుట్టూ పొర అల్లుకుంటాది, గోడ కట్టినట్ల. ఆ గోడ గట్టిగా లేచిందంటే బతికిపోయినట్టే. లేవకపోతే చీము పడతాది. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో రకం. ముందే నేను చెప్పలేను."

ఇంకో పద్ధతి కూడా ఉందట. పక్కటెముకలు తీసేసి ఎదను కుంగదీస్తారు. దాంతో భుజం వాలిపోతుంది. పక్క మంచాల మీద అలా వాలిన భుజాలతో ఉన్నవాళ్ళను మామ చూశాడు. భుజం వాలితే కొలిమిలో నేనెందుకు, గోళీలే పెట్టమన్నాడు. వీపు కోసి అవే పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక్కటే గట్టిగా చెప్పాడు. జ్వరం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా రావాలన్నాడు. ఆ మాట ఇంట్లో అందరం గుర్తు పెట్టుకున్నాం. తప్పంతా అలా గుర్తు పెట్టుకోవడంలోనే వచ్చింది, అది తర్వాత చెబుతాను.

మామ ఇంటికొచ్చాక ఏ పనీ చేయకూడదు. అవ్వ పట్టకారు పట్టింది, నేను సమ్మెట ఎత్తాను. తిత్తి ఊదడానికి ఎవరు కర్రు తెస్తే వాళ్ళే కూర్చునేవాళ్ళు. మామ మంచం కొట్టంలోకి వేయించుకుని పెద్దరికం చేసేవాడు. ఆ కర్రు మాడిపోతాంది, ఈ దెబ్బ వంకరగా పడింది అంటూ. నాకు ఒళ్ళు మండేది. లేచి వచ్చి కొట్టు చూద్దాం అనేదాన్ని, వెంటనే నాలుక కరుచుకునేదాన్ని. ఆయన నవ్వి అటు తిరిగి పడుకునేవాడు. అలా తిరిగినప్పుడు ఎదలో కటకటమని సన్నగా చప్పుడయ్యేది. మొదటిసారి విన్నప్పుడు నేను హడలిపోయాను. తర్వాత అలవాటైంది. పక్క మీద కదిలితే చాలు, గోళీలాట మొదలుపెట్టినావా మామా అనేదాన్ని. రోజులు గడిచేకొద్దీ ఆ చప్పుడు తగ్గిపోయింది. ఒళ్ళు పొర అల్లుతోందని, గోడ లేస్తోందని నేను లోపల్లోపల సంబరపడ్డాను. ఆ గోడ నిలిస్తే మామ నాకు మిగులుతాడు. నేను దేవుణ్ణి అడిగింది అదొక్కటే.

మామకు కండ పట్టింది. జొన్నసంగటి ముద్ద మీద ముద్ద తినేవాడు. మూడుసార్లు ఆసుపత్రికి పోయి చూపించుకొచ్చాం, బాగుందన్నారు. ఇంకొక్క ఏడాది ఆగి కొలిమి ముట్టుకోవచ్చన్నారు. ఆ ఏడాది గడవనే లేదు.

ఎండలు ముదిరాక జ్వరం తగిలింది. వీపు మీద, ఎడమ రెక్క కింద, కోసి కుట్టిన మచ్చ దగ్గర వాచింది. చేత్తో తడిమితే లోపల గుండ్రంగా, గట్టిగా ఒకటి చర్మం కిందికి వచ్చి నిలబడి ఉంది. తెల్లారి బస్సుకు పోదామని బట్టలు మూట కట్టాను. ఆ సాయంత్రం అవ్వ నొప్పి తగ్గుతుందని ఉల్లిగడ్డ కాల్చి, చితక్కొట్టి, ఆముదంతో కలిపి వాపు మీద కట్టింది. తెల్లవారేసరికి వాపు పగిలింది. చీముతో పాటు గోళీ బయటికి వచ్చి గుడ్డలో పడింది. జ్వరం ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. మామ లేచి కూర్చుని సంగటి పెట్టమన్నాడు.

మాది తుమ్మముళ్ళ దేశం. ఇది తెలియనివాళ్ళకు మా అవ్వ అర్థం కాదు. చెప్పుల్లేని కాళ్ళతో చేలల్లో తిరిగేవాళ్ళం, ముల్లు దిగని వారం ఉండదు. పైకి కనిపిస్తే లాగేస్తాం. లోపలికి దిగి విరిగితే ఎవరూ కెలకరు. కెలికితే ఇంకా లోపలికి పోతుంది. ఉల్లిగడ్డ కాల్చి కట్టి వదిలేస్తారు. ఒళ్ళు వేడెక్కుతుంది, ముల్లు చుట్టూ చీము పడుతుంది, ఆ చీముతో ముల్లు తనంతట తానే వస్తుంది. ముల్లు వచ్చిందంటే పుండు మానినట్టే. నా అరికాళ్ళ లోంచి అవ్వ అలా ఎన్ని ముళ్ళు రప్పించిందో. అందుకే ఆ పొద్దు అవ్వ ముఖంలో దిగులు అన్నది లేదు.

"ఒంటికి తెలీదా మే, యాది తనదో యాది తనది కాదో?" అంది నాతో. "వచ్చే దోవ చూసుకునింది. ఇంగ ఒకటెనక ఒకటి అన్నీ వస్తాయి. రానీ."

డాక్టరు జ్వరం వస్తే రమ్మన్నాడు. జ్వరం లేదు. మరి ఎందుకు పోవాలి? మామ అదే అన్నాడు, అవ్వ అదే అంది, మూట విప్పేసి నేనూ అదే అనుకున్నాను. మా ఊళ్ళో ఏ గడప తొక్కి అడిగినా అదే చెప్పేవాళ్ళు. అవ్వ ఆ గోళీని బూడిదతో తోమి కడిగి గూట్లో పెట్టింది. చూడటానికి వచ్చినవాళ్ళు దాన్ని వెలుగులో పట్టుకుని, ఇది లోపల ఉంటే ఎట్ల బతికినావప్పా అని మామను అడిగేవాళ్ళు. ఆయన గొప్పలు పోయేవాడు.

వీపు మీద గోళీ వచ్చిన చిల్లు మాత్రం మూసుకోలేదు. ఊరుతూనే ఉంది. కొన్నాళ్ళకు మళ్ళీ జ్వరం, మళ్ళీ వాపు. మళ్ళీ కట్టు కట్టింది అవ్వ. ఇంకొకటి వచ్చింది, జ్వరం పోయింది. ఆ తర్వాత మరొకటి. ప్రతిసారీ కొంచెం కొంచెం తేలికపడేవాడు గనక ప్రతిసారీ నమ్మకం పెరిగేది. నేను వీపు తుడిచే మనిషిని. గుడ్డలు ఉతికే మనిషిని. ఆ వాసన రోజురోజుకూ మారుతోందని నాకే తెలుసు. మొదట ఏ పుండుకైనా వచ్చే వాసనే. తర్వాత గుడ్డను ఉడకబెట్టినా పోయేది కాదు. చిల్లు అంచున వేలు పెడితే మెత్తగా లోపలికి పోయేది. దాని చుట్టూ ఉన్న చర్మం మాత్రం గట్టిపడి, కందిపోయి, బాగా వేడిగా ఉండేది. లోపల ఎంత బోలు ఉందో ఆలోచించకుండా కొత్త గుడ్డ కట్టేసేదాన్ని. మామ మెడ కింది ఎముకలు బయటికి వచ్చాయి. సంగటి ముద్ద సగంలోనే వదిలేసి లేచేవాడు.

మృగశిర దాటినా వాన లేదు. ఒకనాడు ఒక గోళీ వచ్చింది, జ్వరం మాత్రం పోలేదు. మరునాడూ పోలేదు. ఇక నా వల్ల కాలేదు. కొట్టంలో పట్టిన సమ్మెట పట్టినట్టే వదిలేసి లోపలికి పోయాను. మామ బోర్లా పడుకుని ఉన్నాడు, అవ్వ ఉల్లిగడ్డ కాలుస్తోంది.

"ముల్లయితే పోయినాక పుండు మానల్ల," అన్నాను. "ఇది మానలే. ఇయి ముళ్ళు గావు మామా. మనకు తెలిసినవి గావు ఇయి. లెయ్, పోదాం."

మామ తల ఎత్తలేదు. దిండులోకే మాట్లాడాడు. "ఇంగ కొన్నే ఉండాయి మే. అయి గూడా రానీ. నా ఒళ్ళు నాకు వస్తాది. ఆడికి పోతే మల్లా ఏం పెడతారో."

ఆ మాటకు నా కోపం ఎటు పోయిందో తెలియదు. అన్నాళ్ళూ ఆయన నవ్వుతూ గొప్పలు పోయింది పైకేనని, లోపల తన ఒళ్ళు తనది కాకుండా పోయిందని బాధపడుతున్నాడని నాకు అప్పుడు తెలిసింది. చిన్నపిల్లాడిలా అన్నాడు, ఒళ్ళు వస్తాదని. జాలేసింది. అయినా వినలేదు నేను. రైతులను పిలిచి మంచంతో సహా ఎత్తించి రోడ్డు మీదికి చేర్పించాను, కర్నూలు బస్సు ఆపించాను. అవ్వ బస్సు దాకా వచ్చి కాల్చిన ఉల్లిగడ్డ మూట కట్టి నా ఒళ్ళో పడేసింది. దోవలో కట్టమంది. తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

డాక్టరు వీపు మీద గుడ్డ తీసి చూశాడు. ఫోటో తీయించాడు. నన్ను వరండాలోకి పిలిచి, ఎన్నాళ్ళ నుంచి ఇలా వస్తున్నాయని అడిగాడు. చెప్పాను. అవ్వ అన్న మాట కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

మీ అవ్వ చెప్పింది సగం నిజమేనమ్మా అన్నాడు. ఒళ్ళు నెట్టే మాట నిజం. ముల్లు సన్నగా ఉంటుంది, అది పోతే దాని చోటు మూసుకుపోతుంది. గోళీ పోతే గుంత మిగులుతుంది. ఎముకలు పైనుంచి కుంగవు, ముడిచిన తిత్తి కిందినుంచి లేవదు, మరి ఆ గుంతను ఏది పూడుస్తుంది? చీమే పూడుస్తుంది. ఒక్కొక్కటి వచ్చేకొద్దీ గుంత పెద్దదైంది, చీము కొలను కట్టింది, విషం నెత్తురులోకి పోయింది. కోసి, కడిగి, మిగిలినవన్నీ తీసేయాలి. ఇప్పుడు కోస్తే తట్టుకునే బలం లేదు. సూదులతో జ్వరం దిగితే ఎల్లుండి చూద్దామన్నాడు. దిగుతుందా అని అడిగితే నర్సును కేకేసి సూది సిద్ధం చేయమన్నాడు.

తర్వాత మామ మంచం దగ్గరికి వచ్చి, పాత ఫోటో, కొత్త ఫోటో రెండూ కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాడు. మామ కూడా తల తిప్పి చూస్తున్నాడు. డాక్టరుకు ఆయనతో చెప్పడానికి ఇంకే మంచి మాటా లేదు కాబోలు.

"ఏమప్పా, నీ తిత్తిలో చిల్లి పూడిపోయింది," అన్నాడు. "జబ్బు మానింది."

అబద్ధం కాదు అది. నేను తర్వాత మళ్ళీ అడిగి రూఢి చేసుకున్నాను. గోళీలు ఏ పనికి లోపలికి పోయాయో ఆ పని చేసేశాయి. క్షయ లేదు, చిల్లి లేదు. మామ కళ్ళు వెలిగాయి. ఆ వెలుగు చూడలేక నేను ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

మరునాడు మధ్యాహ్నం ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. మాట సన్నగా వస్తోంది.

"వింటివా మే? మానిందంట. ఇంగ మనకు ఈడేం పని? పోదాం పా."

"పోదాం మామా," అన్నాను.

చొక్కా తొడగమన్నాడు. ఊరికి పోయేటప్పుడు చొక్కా లేకుండా ఎలా అన్నాడు. కుడి చెయ్యి తొడిగాను. ఎడమ చెయ్యి లేవలేదు, భుజం మీంచి కప్పాను. గుండీలు పెడుతున్నాను. ఇదేదో పెద్ద పనైనట్టు ఆయన నా వేళ్ళనే చూస్తున్నాడు. కిందినుంచి పైకి పెట్టుకుంటూ వచ్చాను. మెడ దగ్గర గుండీ పెట్టి తల ఎత్తితే చూపు ఇంకా అక్కడే ఉంది, మనిషి లేడు.

ఆసుపత్రి వాళ్ళు బండి ఇచ్చి పంపించారు. దోవ పొడవునా ఆయన తల నా ఒళ్ళో ఉంది. నేను ఏడ్వలేదని డ్రైవరు అనుకుని ఉంటాడు. బండి మోతలో వినపడదు కదా అని ఏడ్చాను.

అవ్వ నోరు విప్పి ఏడ్వలేదు. కొడుకును తానే కడుగుతానంది. చొక్కా గుండీలు విప్పింది, పక్కకు తిప్పి పట్టుకోమంది, పట్టుకున్నాను. వీపు మీద చిల్లు చూసి దాని మీద అరచెయ్యి మూతలా పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఇంగా ఎన్ని ఉండిపాయ మే లోపల?" అని అడిగింది.

డాక్టరు చెప్పింది మొత్తం చెప్పేయాలని నాలుక చివరి దాకా వచ్చింది. చీము సంగతి, గుంత సంగతి, లోపల మిగిలిన గోళీల సంగతి, తిత్తి మానిన సంగతి. ఆమె చెయ్యి చూశాను. ఉల్లిగడ్డలు కాల్చి కాల్చి వేళ్ళ చివర్లు నల్లబడి ఉన్నాయి. కొడుకు ఒంట్లో పరాయిది ఏదీ మిగల్లేదని తెలిస్తే ఆ తల్లికి కొంచెం ఊరటగా ఉంటుందని అనుకున్నాను.

"ఏమీ లేవవ్వా. అన్నీ వచ్చేసినాయి," అన్నాను.

అవ్వ తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

"మరి ఎందుకు పాయ నా కొడుకు?" అంది.

నేను మామను అలాగే పక్కకు పట్టుకుని ఉండిపోయాను. నీళ్ళు పొయ్యమని ఎవరో వెనక నుంచి చెబుతున్నారు.